మిక్సీ మీద శాలువా

కొబ్బరి పచ్చడి రుబ్బడానికి మిక్సీ మీద కప్పిన శాలువా తీస్తుంటే హాల్లోంచి శరత్‌చంద్ర కేకేశాడు.

"వల్లీ, అందరూ ఎంతో ఎదురుచూస్తున్నారు అనడానికి ఇంగ్లీషులో బరువైన మాటేదన్నా చెప్పు. 'ఈగర్లీ అవెయిటెడ్' మరీ పాతబడింది."

"ఎవరండీ ఎదురుచూస్తున్నది?" అంది కనకవల్లి వంటింట్లోంచే.

"ఎవరో ఒకరు చూస్తార్లే. నువ్వు మాట చెప్పు."

ఆ జవాబు ఆమెకి నచ్చలేదు. మొగల్రాజపురంలో వాళ్లాయనకి ఫొటో ఫ్రేముల షాపుంది. పై అంతస్తు ఖాళీగా ఉండటం ఎందుకని దాన్ని బొమ్మల ప్రదర్శనలకి హాలు చేశాడు. ప్రతి ప్రదర్శనకీ ఓ పుస్తకం అచ్చవుతుంది. అందులో బొమ్మల గురించి ఇంగ్లీషులో రాసే పని ఇంగ్లీషు ఎమ్మే చదివిన కనకవల్లిది. ఆయన బొమ్మల్ని ఫోనులో ఫొటోలు తీసి పంపిస్తాడు. కుక్కరు కూతల మధ్య ఆమె వాటిని వేళ్లతో పెద్దవి చేసి చూసి, రాసి, నేరుగా ప్రెస్సుకి పంపేస్తుంది. "నువ్వు రాశాక నేను చూసేదేముంది" అంటాడాయన. మొదట్లో అది నమ్మకమనుకుంది. ఆయనకి ఇంగ్లీషు చదవడం బద్ధకమని తర్వాత తెలిసింది. "కూర్చుని నాలుగు ముక్కలు గిలకడం కూడా ఒక పనేనా అమ్మాయ్, ఆ చేత్తోనే చిక్కుడుకాయలు ఒలిచెయ్" అనేది అత్తగారు వెంకటరత్నమ్మ. ఆ చేత్తోనే ఒలిచేది కూడా. కానీ మాటల దగ్గర మాత్రం కనకవల్లి ఎవరికీ లొంగేది కాదు. మూడు రంగులున్న బొమ్మని 'వైబ్రంట్' అనదు. ఎవరూ ఎదురుచూడని దాన్ని 'అవెయిటెడ్' అనదు.

అయితే కొన్నాళ్లుగా ఆమెకి అనుమానంగా ఉంది. అచ్చయిన పుస్తకం ఒక్కటీ ఇంటికి రాదు. అడిగితే "అన్నీ పంచేశాం వల్లీ, జనం ఎగబడ్డారు" అంటాడు. ప్రారంభానికి తీసుకెళ్లమంటే "నువ్వొచ్చేస్తే అమ్మకి ఇన్సులిన్ ఎవరిస్తారు?" అంటాడు. పైగా ప్రతి ప్రదర్శన నుంచీ ఒక శాలువాతో వస్తాడు. "నిర్వాహకుణ్ణి కదా, కప్పుతారు" అని సోఫా మీద పడేస్తాడు. ఆ శాలువాలు ఏం చేసుకోవాలో తోచక ఆమె ఒకటి మిక్సీ మీదా, ఒకటి ఇన్వర్టరు మీదా కప్పింది. ఇంకోటి మడతపెట్టి ఇస్త్రీ బల్ల మీద పరిచింది. మొన్నొకరోజు ఆయన బాల్కనీలో ఫోనులో అంటున్న మాట ఆమె చెవిన పడింది. "సారు ఇంకా పంపలేదండీ. పంపగానే ప్రెస్సుకి ఇచ్చేస్తాను."

ఏ సారు? ప్రెస్సుకి పంపేది తను కదా. ఆ రోజు శాలువాలన్నీ తీసి వాసన చూసింది. ఏదన్నా సెంటు వాసన తగులుతుందేమోనని. కొత్తబట్ట వాసనా, తన వంటింటి పోపు వాసనా తప్ప ఏమీ తగల్లేదు. ఆడవాళ్లెవరూ లేరని తేలితే మనసు కుదుటపడాలి. పడలేదు. ఆడమనిషైతే ఏం దాస్తున్నాడో తెలిసేది. ఇక్కడ దాస్తున్నదేమిటో కూడా తెలియటం లేదు.

మర్నాడు మధ్యాహ్నం, ఆమె గిన్నెలు తోముతుంటే కాలింగ్‌బెల్ మోగింది. గుమ్మంలో ముప్పై ఏళ్ల అమ్మాయి, చేతిలో మంగళగిరి నేత కొట్టు సంచీ.

"నమస్తే మేడమ్. నా పేరు ఉషశ్రీ. కంకిపాడులో డ్రాయింగ్ టీచర్ని. ఈ శనివారం ప్రదర్శన నాదే. శరత్ గారు ఉన్నారా?"

"షాపులో ఉన్నారమ్మా. కూర్చోండి, కాఫీ తెస్తాను."

ఉషశ్రీ కాఫీ గ్లాసు అందుకుని సంచీ బల్ల మీద పెట్టింది. "ఇది వల్లభ్ సారు కోసం మేడమ్. పంచె, కండువా. సారు శనివారం స్వయంగా వస్తున్నారని తెలిసి ఆగలేకపోయాను. పోయినసారి శాలువా శరత్ గారే సారు తరఫున తీసుకున్నారుగా, అందిందో లేదో కూడా తెలీదు."

"ఏ వల్లభ్ గారు?"

"కె. వల్లభ్ గారండీ! ఢిల్లీ. మీవారి పుస్తకాల్లో రాసేది ఆయనేగా." ఉషశ్రీ ఆశ్చర్యంగా చూసి, వెంటనే మర్యాదగా నవ్వింది. "మీకు బొమ్మలంటే పెద్దగా ఆసక్తి ఉండదేమో."

ఆ అమ్మాయి ఉత్సాహం పట్టలేకపోయింది. "పోయినసారి నాది ఒక్కటే బొమ్మ మేడమ్. సింకు దగ్గర్నుంచి మన వైపు తిరిగిన ఆవిడ. పొట్ట దగ్గర చీర మీద బూడిదరంగు మరక వేశాను. అందరూ నీడ అన్నారు. మా స్కూల్లో హెడ్మాస్టరు గారు రంగు ఒలికిందా అనడిగారు. వల్లభ్ సారు ఒక్కరే రాశారు. అది నీడ కాదు, సింకు అంచుకి ఆనుకుని నిలబడే ప్రతి ఆడమనిషి చీరా అక్కడే తడుస్తుంది, ఆరేలోపల మళ్లీ గిన్నెలు పడతాయి అని. మగవాడై ఉండి ఆ తడి ఎలా చూశారో! ఆయన ఒక్కసారి నా బొమ్మల ముందు నిలబడితే చాలు మేడమ్, రెండేళ్లుగా దానికోసమే కాచుక్కూచున్నాను."

ఆ వాక్యం కనకవల్లికి బాగా గుర్తు. 'వెట్' అని రాసి కొట్టేసింది. అది వానలో తడిసినట్టుంటుంది. 'డ్యాంప్' అని దిద్దింది. ఆరీ ఆరక, ఒంటికి చల్లగా అంటుకునే తడి అది. ఆ మాట కోసం ఆమె ఎక్కడికీ వెళ్లలేదు, తన పొట్ట మీద చెయ్యి వేసి చూసుకుంది అంతే. ఇప్పుడూ ఆమె చీర అక్కడే తడిగా ఉంది. ఎదురుగా కూర్చున్న ఉషశ్రీ కాఫీ తాగుతూ గోడమీది బొమ్మలు చూస్తోంది.

రాత్రి భోజనాల దగ్గర ఆమె పప్పు వడ్డిస్తూ అడిగింది. "వల్లభ్ గారికి పంచె వచ్చిందండీ. ఏ అడ్రసుకి పంపాలి?"

శరత్‌చంద్ర ముద్ద కలపడం ఆపి, మళ్లీ కలిపాడు. "ఓ, తెలిసిందా. అది వ్యాపారం వల్లీ. ఫ్రేములవాడి భార్య రాసిందంటే ఎవడన్నా బొమ్మ కొంటాడా? ఢిల్లీ నుంచి ఎవరో రాశారంటే ఒక వెయిటు."

"నా పేరు లేకుండా చేశారు."

"లేకుండా ఏంటి? కనకవల్లి, కె. వల్లభ్. నీ పేరే కదే అది, ప్రెస్సువాడికి చెప్పి కాస్త సరిచేశానంతే."

కాస్త సరిచేశాడు. ఇరవై ఏళ్లుగా ఆయన ఆమెలో సరిచేస్తున్నవే అన్నీ. నవ్వు, నడక, పుట్టింటివాళ్లతో ఫోనులో మాట్లాడే గొంతు. పేరు ఒక్కటి మిగిలిందనుకుంది.

"మరి శనివారం ఎవరొస్తున్నారు?"

"జనం చంపుకుతింటున్నారు, ఆయన్ని ఒక్కసారి చూపించమని. మా ఫ్రెండు బాబాయి హైదరాబాదులో రిటైరయ్యాడు. తెల్ల గడ్డం, ఖద్దరు లాల్చీ, చూస్తే దణ్ణం పెట్టాలనిపిస్తుంది. ఒక గంట కూర్చుని వెళ్లిపోతాడు. ఐదు నిమిషాల స్పీచి నువ్వే రాసివ్వాలి, సింపుల్ ఇంగ్లీషులో. పుస్తకంలో కూడా ఆయన రాక గురించి గట్టిగా వెయ్యి. ఆ మజ్జిగ ఇటివ్వు."

ఆమె మజ్జిగ గిన్నె జరిపింది. ఇన్నాళ్లూ వల్లభ్ ఒట్టి పేరు. పేరుని ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. శనివారం నుంచి దానికో గడ్డం వస్తుంది, గొంతు వస్తుంది, ఫొటోలు వస్తాయి. ఉషశ్రీ వంగి ఆ కాళ్లకి దణ్ణం పెడుతుంది. ఆ తర్వాత ఎవరు ఏం చెప్పినా, సింకు దగ్గరి తడిని చూసింది ఆ గడ్డపాయనే అవుతాడు.

తెల్లారి ఆయన షాపుకి వెళ్లాక కనకవల్లి అత్తగారికి ఇన్సులిన్ ఇచ్చి, టిఫిను పెట్టి, డైనింగ్ టేబుల్ తుడిచి లాప్‌టాప్ తెరిచింది. ఉషశ్రీ బొమ్మల గురించి ఒక్కో బొమ్మకీ రాయవలసింది రాసింది. చివరి పేజీ మిగిలింది. 'ఎక్స్‌పయిర్డ్' అని రాసి కొట్టేసింది. అది మందు సీసాల మీది మాట. 'హెవెన్లీ అబోడ్' చౌరస్తా ఫ్లెక్సీల మాట. పైగా వల్లభ్‌కి స్వర్గం ఇవ్వడం ఆమెకి ఇష్టం లేదు. 'డైడ్' అని పెట్టింది. సాదా మాట, పని జరుగుతుంది. కె. వల్లభ్ గారు ఈ వారం విజయవాడలో మరణించారు. వారు ఏనాడూ ఏ బొమ్మ ముందూ నిలబడలేదు. వారి పేరున వచ్చిన ప్రతి వాక్యం రాసిన కనకవల్లి ఇదే ఊళ్లో ఉన్నారు, ఈ ప్రదర్శనకి వస్తున్నారు.

మళ్లీ చదువుకుంది. 'వస్తున్నారు' ముందు కాస్త ఖాళీ కనిపించింది. ఒక మనిషి రెండేళ్లుగా కాచుక్కూచుంది కాబట్టి, ఇప్పుడిది అబద్ధం కాదు కాబట్టి, అక్కడ 'ఈగర్లీ అవెయిటెడ్' చేర్చింది. పాతబడిన మాటే. ఇన్నేళ్లలో ఆమె దాన్ని వాడటం ఇదే మొదటిసారి.

చచ్చిన మనిషిని ఆయన శనివారం కుర్చీలో కూర్చోబెట్టలేడు. బతికే ఉన్నాడనాలంటే ఆ గడ్డపాయన చేత అందరి ముందూ ఒక్క వాక్యం రాయించి చూపించాలి.

ప్రెస్సుకి పంపబోయి ఆగింది. ప్రదర్శన ఆ అమ్మాయిది. ముందు ఆమెకి తెలియాలి. మిక్సీ మీది శాలువా తీసి, పిండి దులిపి, భుజాల చుట్టూ వేసుకుని, పుస్తకం వివరాల్లో ఉన్న ఉషశ్రీ నంబరు నొక్కింది.

"ఉషశ్రీ గారూ, కనకవల్లిని. మీకో మాట చెప్పాలి. వల్లభ్ గారు పోయారు."

"అయ్యో... ఎప్పుడు మేడమ్? సారు నా బొమ్మలు చూడకుండానే..."

"ఏడవకండి. నిన్న మీకు కాఫీ ఇచ్చినావిడ చీర ఒకసారి గుర్తు తెచ్చుకోండి. పొట్ట దగ్గర."