మూడో గేటు వార్త ఆరలేదు

దశరథ్‌లో ఒక గొప్ప గుణం ఉంది. పొద్దున డార్మ్‌స్టాట్ వెళ్లే రైల్లో అందరూ ఫోన్లలో తలలు దూర్చుకుని కూర్చుంటే, అతనొక్కడే జర్మన్ దినపత్రిక విప్పుకుని మొదటి పేజీ నుంచి చావు ప్రకటనల దాకా వరసగా చూసేవాడు. ఒక్కో పేజీకి ఇవ్వాల్సినంత సమయం ఇచ్చేవాడు. మధ్యమధ్య కనుబొమ్మ ఎగరేసేవాడు. ఈ దేశం వచ్చి తొమ్మిదేళ్లయినా అతనికి జర్మన్ రాదన్నది నిజమే. కానీ తనకి రాని భాషకి రోజూ పన్నెండు నిమిషాలు కేటాయించి గౌరవించే మనిషిని ఇంకొకణ్ణి చూపించండి చూద్దాం.

ఎవరైనా పలకరిస్తే "యా, యా, గెనావ్" అనేవాడు. అవునవును, సరిగ్గా అంతే, అని. చివర్లో చిన్న నిట్టూర్పు తగిలిస్తే ఇంకా బాగా నప్పేది. ఆఫీసులో అంతా ఇంగ్లీషు కాబట్టి మిగతా జీవితం ఈ మాటలతోనే గడిచిపోయింది. టెర్మిన్‌లకీ, అంటే ముందే టైము తీసుకుని వెళ్లే పనులకీ, ఇంటి కాగితాలకీ మాత్రం కమలాకర్‌ని వెంటబెట్టుకుని వెళ్లేవాడు.

ఇద్దరిదీ కరీంనగరే. ఇక్కడ ఎర్లెన్‌ఫెల్ట్ అనే చిన్న ఊళ్లో ఒకే వీధిలో కాపురం. కమలాకర్‌కి జర్మన్ వచ్చు, దానికి మించి ఫుట్‌బాల్ పిచ్చి. ఐదో డివిజన్లో చివరి నుంచి మూడో స్థానంలో ఉండే ఊరి జట్టుని ప్రాణంగా చూసుకునేవాడు. "ఓడిపోయే టీమ్‌ని ప్రేమించాలె రా. పోటీకి ఎవ్వడు రాడు," అనేవాడు. దశరథ్‌కి ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో తెలియదు. అయినా శనివారం శనివారం వెళ్లి నిలబడేవాడు. కమలాకర్ తన కుడిపక్కన నిలబడి తొంభై నిమిషాలూ ఆటని తెలుగులో చెబుతుంటే వినడం అతని ఫుట్‌బాల్.

మూడేళ్ల కిందట సీజన్ చివరి మ్యాచ్ రోజు మూడో గేటు తెరవాల్సిన వేళకి తెరుచుకోలేదు. వెనక నుంచి జనం వస్తూనే ఉన్నారు. కమలాకర్ ఇనుప తలుపుకి వీపు ఆనించి, నలిగిపోతున్న పిల్లల్ని ఒక్కొక్కరినీ కంచె మీదుగా అవతలికి అందించాడు. ఏడుగురిని అందించాడు. తర్వాత తలుపు కూలింది. పోయిన నలుగురిలో అతనొకడు.

మర్నాడు ఊరి పత్రిక వార్త రాసింది. టికెట్లు లేని తాగుబోతు అభిమానులు గేటు విరగ్గొట్టారనీ, మొదట గడియ లాగింది కమలాకర్ అనే భారతీయుడనీ, పక్కనే ఉన్న అతని స్నేహితుడే ఈ సంగతి ధ్రువీకరించాడనీ. కమలాకర్ కూతురు, ఎనిమిదేళ్ల ఈషా, తల్లి భావనకి ఆ వార్త తెలుగులో చదివి వినిపించింది. చదివాక తలెత్తి, "ఫ్రెండ్ అంటే ఎవరు మామా?" అని అడిగింది.

దశరథ్ చాయ్ తాగుతున్నాడు. తాగుతూనే ఉన్నాడు.

ముందురోజు పేవ్‌మెంటు మీద వెండికాగితం లాంటి దుప్పటి కప్పుకుని వణుకుతూ కూర్చున్నప్పుడు, నోట్‌బుక్కు పట్టుకున్న ఒకాయన పక్కన గొంతుక్కూర్చుని మెత్తగా ఐదు ప్రశ్నలు అడిగాడు. ఐదింటికీ దశరథ్ యా, గెనావ్ అన్నాడు. నిట్టూర్పు ఆ రోజు దానంతట అదే వచ్చింది.

ఆ వార్త మాత్రం ఆరలేదు. ఆ రోజు పత్రికలో మిగతావన్నీ ఆరాయి. ఎండ కాస్తుందని రాస్తే వాన పడింది, ఆ వాతావరణ సూచన కూడా మధ్యాహ్నానికి ఆరిపోయింది. అది పొరపాటే కానీ అబద్ధం కాదు, ఇంకుకి ఆ తేడా తెలుసు. మూడో గేటు వార్త ఉన్న నాలుగు కాలమ్‌లు మాత్రం ముట్టుకుంటే చేతికి నల్లగా అంటుకునేవి. వారం పోయినా, ఏడాది పోయినా అంతే. అభిమానుల సంఘం వాళ్లు ఊరంతా తిరిగి మూడు వందల నలభై ప్రతులు పోగుచేసి, క్లబ్బు గదిలో తాళ్లు కట్టి ఆరేశారు. కింద బకెట్లు పెట్టారు. సంఘానికి పెద్ద రెనాటె, రిటైరైన ట్రామ్ డ్రైవరు, డెబ్బై ఏళ్లావిడ, వారానికోసారి బకెట్లు పారబోసేది. ఊళ్లో సగం మంది ఆ పత్రిక కొనడం మానేశారు. ప్రతి మ్యాచ్‌లో నాలుగో నిమిషానికి అభిమానులందరూ ఆ వార్త మీద అరచేతులు అద్దుకుని, నల్లటి చేతులు పైకెత్తి నిశ్శబ్దంగా నిలబడేవారు. దశరథ్ కూడా ఎత్తేవాడు. ఇప్పుడు ఆటలో ఏం జరుగుతోందో చెప్పేవాళ్లు లేరు. బంతి ఎటు పోతే అటు చూసి ఇంటికి వచ్చేవాడు.

తమ ఇంకు సరఫరాదారుతో ఏదో ఇబ్బంది ఉందని పత్రిక అంది. తడి అనేది లక్షణమే కానీ రుజువు కాదని మునిసిపాలిటీ అంది. ఈలోగా గేటు దగ్గర స్మారక శిల నిలబెట్టారు. మూడు పేర్లు చెక్కారు. నాలుగో పేరుకి చోటు వదిలి, పత్రిక తన వార్తని వెనక్కి తీసుకుంటే అప్పుడు చెక్కుతామన్నారు. ఈషా ఆ దారిన బడికి వెళ్లడం మానేసి చుట్టు తిరిగి వెళ్లేది.

మూడేళ్లు అడగ్గా అడగ్గా సంపాదకుడు టెర్మిన్ ఇచ్చాడు. గురువారం పదకొండింటికి, అరగంట.

"అన్నా, నువ్వు గుడ రావాలె," అంది భావన. "నేనొక్కదాన్ని ఆడ కూసోలేను. నువ్వు పక్కపొంటి ఉన్నోనివి."

"వస్త," అన్నాడు దశరథ్. ఇలాంటివి రెనాటె గెలిపించేస్తుందనీ, తను నోరు విప్పాల్సిన పని పడదనీ మూడేళ్లుగా అతని నమ్మకం.

సంపాదకుడు సన్నగా, మర్యాదగా ఉన్నాడు. అందరికీ నీళ్లు పోశాడు. రెనాటె టేబుల్ మీద ఆ రోజు పత్రిక పరిచింది. టేబుల్ మీద చిన్న నల్లటి మడుగు కట్టింది. ఆయన దాన్ని టిష్యూతో తుడిచి, సొరుగులోంచి విలేకరి నోట్‌బుక్కు తీసి తెరిచాడు. ఈషా తల్లికీ, దశరథ్‌కీ వినబడేలా తెలుగులో చెబుతూ వచ్చింది: "ఇది ఆ రోజుది అంట. 'మీ ఫ్రెండే గేట్ తెరిచిండా?' దానికి ఆన్సర్, 'అవును, సరిగ్గా అంతే.'"

ఆయన ఆ వాక్యం మీద తెల్లటి చేతిరుమాలు రుద్ది చూపించాడు. రుమాలు తెల్లగానే ఉంది. పొడి ఇంకుని ఆ ఊళ్లో ఎవరూ కాదనరు. రెనాటె కళ్లద్దాలు తీసి మళ్లీ పెట్టుకుంది. భావన చూపు టేబుల్ మీదికి వాలిపోయింది.

దశరథ్‌కి కమలాకర్ గుర్తొచ్చాడు. ఇలాంటి గదుల్లో పక్కన కూర్చుని, "నువ్వు సంతకం పెట్టు చాలు, మాట్లాడుడు నేను చూస్కుంట," అనేవాడు.

"ఈషా," అన్నాడు. "నేను చెప్పింది చెప్పినట్టు ఆయనకి చెప్పు. ఆ ఫ్రెండ్‌ని నేనే. ఆయన ఏమడిగిండో నాకు తెల్వది. నాకు జర్మన్ రాదు. అన్నిటికీ యా అన్న."

ఈషా కాసేపు అతని మొహంలోకే చూసింది. తర్వాత సంపాదకుడి వైపు తిరిగి చెప్పింది.

భావన నెమ్మదిగా అంది, "మూడేండ్లు అన్నా. మూడేండ్లు మా ఇంట్ల కూసోని చాయ్ తాగినవ్."

దశరథ్ తన ముందున్న నీళ్ల గ్లాసుని దూరంగా జరిపాడు.

సంపాదకుడు తల అడ్డంగా ఊపాడు. ఈషా చెప్పింది: "నమ్మడంట మామా. వాళ్ల విలేకరి రోజూ ట్రెయిన్‌లో చూస్తడంట నిన్ను. పేపర్ మొత్తం చదువుతవంట. చావు వార్తలు గుడ వదలవంట."

రెనాటె కుర్చీ ఇటు తిప్పుకుని, దశరథ్‌ని ఏదో అడిగింది. మెత్తగా, ఆప్యాయంగా అడిగింది. మనిషి కంగారులో ఉన్నాడు, మొహం వేడెక్కి ఉంది, ఆమె ఓదారుస్తోందనుకున్నాడు.

"యా, యా, గెనావ్," అన్నాడు. నిట్టూర్చాడు కూడా.

ఈషా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "మామా, నది అవతలి టీమ్‌కి నువ్వు గూఢచారివా అని అడిగింది."

సంపాదకుడు నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆ నవ్వుతోనే ఆయన కేసు సగం పోయింది. రెనాటె నవ్వలేదు. తర్వాత ఈషా చెప్పగా దశరథ్‌కి తెలిసింది, ఆవిడ అన్నది ఇది: రెండేళ్ల కిందట వేసవి విందుకి నాలుగు క్రేట్ల బీరు తెస్తారా అని అడిగితే ఈయన అవును, సరిగ్గా అంతే అన్నాడు. ఒక్క సీసా రాలేదు. మొండి మనిషనుకున్నాను, అంతే.

ఆ తర్వాత ఆవిడ వేలు పత్రిక మీద పెట్టింది. గడియ విషయంలో ఈయన తల ఊపాడు సరే. టికెట్లు లేవని, తాగి ఉన్నారని ఎవరు తల ఊపారు? నోట్‌బుక్కులో ఎక్కడుందో చూపించండి.

సంపాదకుడు పేజీ తిప్పాడు. ఇంకోటి తిప్పాడు. తిప్పుతున్నకొద్దీ అతని మర్యాద తగ్గి, మనిషి కనిపించసాగాడు. చివరి పేజీ తర్వాత అట్ట వచ్చింది.

"మా నాన్నకి సీజన్ టికెట్ ఉండె," అంది ఈషా తెలుగులో. వెంటనే అదే జర్మన్‌లో అంది.

శనివారం పత్రిక మొదటి పేజీలో నాలుగు కాలమ్‌ల సవరణ వచ్చింది. పాత వార్త ఎంత ఉందో కొలిచినట్టు అంతే ఉంది. విలేకరి చూడనిదాన్ని చూసినట్టు రాశాడనీ, తాము ఒకసారి కూడా సరిచూడలేదనీ, కమలాకర్ ఏడుగురు పిల్లల్ని బతికించాడనీ రాశారు. క్లబ్బు గదిలో తాళ్ల మీది ప్రతులన్నీ మధ్యాహ్నానికి అప్పడాల్లా పెళపెళమన్నాయి. రెనాటె బకెట్లు కడిగి బోర్లించింది. సోమవారం రాళ్లు చెక్కే మనిషి వచ్చాడు.

భావన రెండు నెలలు దశరథ్‌తో మాట్లాడలేదు. మూడో నెలలో ఈషా చేత ఒక డబ్బా పంపింది. సర్వపిండి. మాట మాత్రం పంపలేదు. ఈషా ఇప్పుడు గేటు దారినే బడికి వెళుతోంది. మ్యాచ్‌లకి వచ్చి రెనాటెతో కంచె దగ్గర నిలబడి, ఊరంతా వినేలా రెఫరీని తిడుతుంది. తండ్రి గొంతే.

దశరథ్ మంగళవారం, గురువారం సాయంత్రాలు జర్మన్ క్లాసుకి పోతున్నాడు. తెలియకపోతే తెలియదనడం వచ్చేసింది. ఆఫ్‌సైడ్ కూడా ఈషా ఉప్పు డబ్బాలు పెట్టి నేర్పింది. అభిమానులు పాడే జట్టు పాటలో సగం వచ్చు. గోల్ పడగానే కుడివైపుకి తిరగకుండా ఉండడం మాత్రం అతను ఇంకా నేర్చుకోలేదు.