అమ్మ రాసిన పరీక్ష

ఆరోగ్యశాఖ వాళ్ళ ప్రశ్నలకు అరవై మార్కులు దాటితే ఇంటికి నర్సును పంపడం ఆపేస్తారు. ఈ ముక్క అమ్మకు వారం నుంచీ చిలక్కి చెప్పినట్టు చెబుతున్నాను. "మంచి మార్కులొచ్చినవాళ్ళను శిక్షిస్తారా ఎక్కడైనా?" అని కొట్టిపారేస్తుంది. రోజూ వచ్చి మంచం పట్టిన అమ్మ వీపు మీద పుండు కడిగి నొప్పికి సూది వేసే ఆ నర్సు లేకపోతే నేను మిల్లు పని మానుకోవాలి. మానుకున్నా సూది వెయ్యడం నాకు చేతకాదు.

సర్వే అమ్మాయి మంచం పక్కకు కుర్చీ లాక్కుని ట్యాబ్ తీసింది.

"పేషెంటే చెప్పాలక్కా. మీరు చెబితే ఫారం రద్దవుతుంది. మళ్ళీ సర్వే ఆరు నెలలకే, అప్పటిదాకా నర్సూ రాదు."

అమ్మ ముప్పై ఏళ్ళు లెక్కల టీచరు. పొద్దున్నే నాచేత జడ వేయించుకుంది, కళ్ళజోడు తుడిపించుకుంది. అచ్చం పరీక్షకు వెళ్ళేదానిలా.

"గత ముప్పై రోజుల్లో ఒంట్లో బాగాలేనివి ఎన్ని రోజులు, అమ్మగారూ?"

"రెండు."

నిజానికి ముప్పైకి ముప్పై! నిన్న పక్కబట్ట మారుస్తుంటే నొప్పికి తాళలేక నా చెయ్యి రక్కేసింది. ఆ గాట్లు ఇంకా మండుతున్నాయి.

"దిగులుగా అనిపించినవి?"

"సున్నా."

కళ్ళతోనే బతిమాలాను. కాపీ చీటీ అందిస్తున్న పిల్లను చూసినట్టు చూసింది నన్ను.

"ఆరోగ్యం వల్ల రోజువారీ పనులు ఆగినవి?"

"ఆగడానికి నాకు పనులెక్కడున్నాయమ్మా? అన్నీ మా అమ్మాయే చేస్తుంది. సున్నా వేసుకో."

ఇక ఆగలేకపోయాను. "అమ్మా, నిజం చెప్పవే! నీకు దణ్ణం పెడతాను!"

"అక్కా, ప్లీజ్" అంది సర్వే అమ్మాయి.

తను లేవగానే గుమ్మం దాకా వెంటపడ్డాను. ఒక్కసారి పుండు చూసి వెళ్ళమని చేతులు పట్టుకున్నాను.

"చూసినా రాయడానికి ఇందులో చోటు లేదక్కా" అంది. తప్పు తనది కాదని తెలుసు, అయినా తిట్టాలనిపించింది. ట్యాబ్ తిప్పి చూపించింది. ఎనభై రెండు. రేపటి నుంచి నర్సు రాదు.

లోపలికి వస్తే అమ్మ ముఖమంతా చెమట. అంతసేపూ నొప్పిని పంటి కింద నొక్కిపెట్టింది. ఒళ్ళు మండిపోయింది నాకు, ఏడుపూ తన్నుకొచ్చింది.

"ఎంతొచ్చిందే?"

"ఎనభై రెండు."

ఎన్నాళ్ళకో నవ్వింది అమ్మ. "రేపు నర్సమ్మకు నేనే చెబుతాను. నువ్వు ముందే చెప్పెయ్యకు."