వెనక వరస డ్రమ్ములు

నా నోరు మంచిది కాదని రేవులో అందరూ అంటారు. అననివ్వండి. ఓడలో దిగినదాంట్లో సరుకేదో, విషమేదో తేల్చి చెప్పే ఉద్యోగం నాది. మెత్తగా ఉంటే నెత్తికెక్కుతారు. నియమం సూటిగానే ఉంది. ప్రమాదకరమైన వ్యర్థం పైదేశం నుంచి రావాలంటే ముందే మన ప్రభుత్వం ఒప్పుకోవాలి. ఒప్పుకోనిది వస్తే, తెచ్చినవాడే వెనక్కి మోసుకుపోవాలి.

ఆ రోజు తెరిపించిన కంటెయినర్లో, కాగితాల ప్రకారం, ఉన్నది వాడేసిన ఇంజన్ ఆయిలు. దానికి అనుమతి ఉంది. తలుపు దగ్గరి వరసలో డ్రమ్ముల మూతలు విప్పించి, పొడవాటి గాజు గొట్టం అడుగుదాకా దించి నమూనా తీశాను. నల్లగా, జిడ్డుగా, నిక్షేపంలాంటి ఆయిలు. అయినా మనసొప్పక స్టూలెక్కి, వాటి మీదుగా టార్చి వేసి చూశాను. వెనక డ్రమ్ముల రంగు వేరు. అంటించిన చీటీలు గీకేసి ఉన్నాయి. మూతలు పైకి ఉబ్బి ఉన్నాయి. ఆయిలు ఎక్కడైనా ఉబ్బుతుందా?

అన్నీ దింపించండి, చూస్తాను అన్నాను. సరుకు విడిపించుకుపోయే క్లియరింగ్ ఏజెంటు, మేం చాటుగా నవ్వులాయన అని పిలుచుకునే మనిషి, చేతులు కట్టుకుని ఎంతో మర్యాదగా చెప్పాడు: లోపల ఏముందో తెలియని డ్రమ్ములు రేవులో దింపకూడదని మీ ఆఫీసు ఉత్తర్వే కదా మేడమ్, ప్రమాదం లేదని మీరు రాసిస్తే ఈ క్షణమే దింపిస్తాను అని. దింపితే కానీ నేను రాయలేను, రాస్తే కానీ వాళ్ళు దింపరు. మా ఆఫీసరు దగ్గరికి వెళ్ళి నెత్తీ నోరూ కొట్టుకున్నాను. ఆయన, ఇన్నేళ్ళుగా అందరం ముందు వరసే చూస్తున్నాం కదమ్మా, ఇప్పుడు కొత్తగా ఏమొచ్చింది అన్నాడు. మనం ముందు వరసే చూస్తామని పంపేవాళ్ళకీ తెలిసిపోయిందండీ, అదే వచ్చింది అన్నాను. సంతకం పెట్టనని తెగేసి చెప్పి బయటికొచ్చేశాను.

అసలు భయం వేరే ఉంది. ఆ సరుకు వెళ్ళేది ఊరి చివర ఆయిలు శుద్ధిచేసే షెడ్డుకి. అక్కడ డ్రమ్ములు దించేది మా తమ్ముడు. దేనికీ చలించడు కనక ఇంట్లో వాణ్ణి బండోడంటాం. సాయంత్రం వాళ్ళింటికెళ్ళి, ఆ కంటెయినర్ వస్తే దాని ఛాయలకి పోవద్దని చెప్పాను. వాడు పడీపడీ నవ్వాడు. నేను మంచినీళ్ళు కూడా వెలుగులో పెట్టి చూడందే తాగననీ, నా మాట వింటే తను మంచం దిగకూడదనీ అన్నాడు. మా మరదలు మాత్రం నవ్వలేదు.

"వదినా, అది నిజంగా బయటికి రాదు కదా?"

"నేను సంతకం పెట్టందే రాదు," అన్నాను. ఎంత ధీమాగా అన్నానో! ఆమె మొహం తేటపడింది.

మర్నాడు పొద్దున యార్డులోకి వెళ్ళేసరికి ఆ కంటెయినర్ ఉన్న చోటు ఖాళీ. ఆఫీసరు గదిలోకి దూసుకెళ్ళాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, "నిన్ను ఇబ్బంది పెట్టడం ఎందుకని సంతకం నేనే పెట్టేశానమ్మా," అన్నాడు. ముందు వరస ఆయిలేనని తేలింది కదా, చాలట. ఆయన్ని అనాల్సినవి చాలా ఉన్నాయి, కానీ అప్పటికే నేను నా బల్ల దగ్గరికి పరిగెత్తి తమ్ముడికి ఫోన్ చేస్తున్నాను. మొదటిసారి ఎత్తలేదు. రెండోసారి ఎత్తాడు.

"ఎక్కడున్నావురా?"

"కంటెయినర్లోనే. ముందువి దించేశాం, వెనకవి అందుకున్నాం. ఒకదాని మూత ఊడిందక్కా. అబ్బ, మొదట్లో కుళ్ళిన గుడ్ల కంపు, కడుపులో తిప్పేసింది. ఇప్పుడేం లేదులే, పోయింది."

ఆ కంపు అంత తేలిగ్గా పోయేది కాదు. ఆ విషవాయువు గాలిలో పెరిగేకొద్దీ ముందు చచ్చేది ముక్కు. వాసన ఆగిపోయిందంటే అది తగ్గిందని కాదు, ప్రాణం మీదకొచ్చేంత ఎక్కువైందని.

"ఒరేయ్, బయటికి రా. మా నాయన కదూ, ఏదీ ముట్టుకోకు, ఉన్నపళంగా వచ్చెయ్."

"వస్తున్నా. ఒక్క నిమిషం, లోపల మావాడొకడు కూలబడ్డాడు. వాణ్ణి లాక్కొచ్చి ఫోన్ చేస్తా."

వద్దురా అని అరిచాను. వాడు ఫోన్ ఆపకుండానే జేబులో వేసుకున్నట్టున్నాడు. అంబులెన్స్‌ని షెడ్డుకి పంపించమని పక్క బల్లవాళ్ళ మీద కేకలేశాను. ఫోన్లో వాడి అడుగులు వినిపించాయి. తరవాత ఎవరినో లేవరా, లేవరా అనడం. తరవాత దగ్గు. తరవాత బరువుగా ఏదో పడ్డ చప్పుడు. నేను వాణ్ణి పిలుస్తూనే ఉన్నాను. మా ఆఫీసరు గుమ్మంలోకి వచ్చి నిలబడి, ఎవరి మీదమ్మా పొద్దున్నే ఆ అరుపులు, అని అడిగాడు.