తాతబ్బాయి బండి ప్లగ్గు

గాలి ఉద్ధృతి తగ్గి, తెల్లగా వెలుతురు వచ్చేసరికి వీర్రాజు వరండాలో బండి కిక్కు కొడుతూనే ఉన్నాడు. తొంభై ఆరు నవంబరు తుఫాను అది. అమలాపురం పక్కనున్న ఆ ఊళ్లో కరెంటు లేదు, ఫోన్లు పలకడం లేదు, బస్సు వచ్చే ఆశ అసలే లేదు. ఒక్కగానొక్క కూతురు జ్యోతిర్మయిని కాట్రేనికోన అవతల, సముద్రానికి దగ్గరున్న ఊళ్లో ఇచ్చాడు. ఆ వైపు నీళ్లు ఊళ్లమీదికి వచ్చేశాయని ఎవరో అనగా విన్నప్పటినుంచి అతనికి కాలు ఒకచోట నిలవడం లేదు.

"ఎంతసేపు తంతారండీ దాన్ని? ప్లగ్గు విప్పి చూడండి ముందు," అంది భార్య మాణిక్యం.

టూ స్ట్రోకు బండి. మామూలు రోజుల్లోనే ప్లగ్గుకి మసి పట్టి మొరాయించేది. ఆదివారం పూట కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని దాన్ని విప్పి తుడుచుకోవడం వీర్రాజుకి సరదా. ఇవాళ ఆ తీరిక లేదు.

స్పానరు వేసి విప్పాడు. ప్లగ్గు మూతి నల్లగా, నూనె జిడ్డుతో తడిసిపోయి ఉంది. పెట్రోలు గుడ్డతో తుడిచి, పాత పళ్ల బ్రష్షుతో రుద్ది, గరుకు కాగితంతో మసి గీకాడు. మాణిక్యం కిరసనాయిలు స్టవ్వు వెలిగించింది. తడి ఆరడానికి పట్టుకారుతో ప్లగ్గుని సెగ మీద పట్టుకున్నాడు.

"ఇంకాస్త ఆరనివ్వండి."

"ఆరింది చాల్లే," అంటూ విసురుగా లాగాడు. ప్లగ్గు పట్టు జారి నాపరాయి మీద పడింది. తెల్లటి పింగాణీ నిలువునా బీట వారింది.

అయినా ఆశ చావక దాన్ని ప్లగ్గు వైరు కొసనున్న టోపీలో పెట్టి, ఇంజనుకి ఆనించి కిక్కు కొట్టాడు. నిప్పురవ్వ బీట దగ్గర చిటపటమంది గాని రావలసిన చోటికి రాలేదు.

అమలాపురంలో షాపులు తెరిచి ఉండవు. ఊళ్లో అలాంటి బండి ఇంకొకటే ఉంది, తాతబ్బాయిది. కాలవ నీళ్ల తగాదాలో ఇద్దరికీ మాటలు ఆగిపోయి ఏళ్లయింది.

"నేనెళ్లి అడగనా?" అంది మాణిక్యం.

వీర్రాజు తనే స్పానరు పుచ్చుకుని బయల్దేరాడు.

తాతబ్బాయి వాకిట్లో పెంకులు ఏరుతున్నాడు. బండి పెట్టే సావిడి కూలిపోయింది. దాని కింద బండి హ్యాండిలు కొస ఒక్కటే కనిపిస్తోంది.

"తాతబ్బాయిగారూ, మీ బండి ప్లగ్గు కావాలండి. అమ్మాయి దగ్గరికెళ్లాలి."

తాతబ్బాయి చేతిలో పెంకు కింద పెట్టాడు. "కాట్రేనికోన అవతల కదండీ ఇచ్చేరు?"

"ఆయ్."

"బండి దూలం కిందుందండి. మనిషి దూరితే ఇంజను అందుద్ది. నేను దూలం ఎత్తి పడతాను, మీరు దూరండి."

కాలవ గట్టు మీద ఈ మనిషే తన మీదికి పార ఎత్తాడు. ఆ సంగతి గుర్తొచ్చి వీర్రాజు ఒక్క క్షణం ఆగాడు. అంతలోనే బురదలో బోర్లా పడుకుని లోపలికి పాకాడు.

పైన వాసాలు కిర్రుమన్నాయి. పెంకొకటి జారి వీపు మీద పడింది. స్పానరు రెండుసార్లు పట్టు తప్పింది.

"కంగారు పడకండి," అంది పైనుంచి తాతబ్బాయి గొంతు. బరువుకి ఆ గొంతు వణుకుతోంది. "నిదానంగా తిప్పండి. నేను వదల్ను."

అప్పుడు నిలిచింది వీర్రాజు చెయ్యి. ప్లగ్గు ఊడింది. అతను బయటికి పాకి వచ్చాక తాతబ్బాయి దూలం వదిలేశాడు. మిగిలిన కప్పంతా బండి మీద కూలింది. తాతబ్బాయి భుజం చర్మం లేచి రక్తం ఓడుతోంది.

"అయ్యో, భుజమండీ..."

"దీని సంగతి తర్వాతండి. మీరు వెళ్లండి."

ఇంటికొచ్చి ప్లగ్గు తుడిచాడు. రంపపు బ్లేడు ముక్క దూర్చి మూతి దగ్గర సందు సరిచూసుకున్నాడు. ఇంజనుకి ఆనించి కిక్కు కొడితే ఈసారి రవ్వ నీలంగా మెరిసింది. మర చెడకుండా ముందు వేళ్లతో తిప్పి, ఆ తర్వాత స్పానరు వేసి బిగించాడు. బండి పొగ కక్కుతూ లేచింది.

దారి పొడుగునా కొబ్బరిచెట్లు అడ్డంగా పడి ఉన్నాయి. కొన్నిచోట్ల జనం సాయం పట్టి బండిని అవతలికి దాటించారు. ముమ్మిడివరం దాటాక రోడ్డే నీళ్లలో మునిగింది. ఎవరింటి అరుగు మీదో బండి పెట్టేసి, మోకాలి లోతు నీళ్లలో నడిచాడు. ఎదురొచ్చిన ప్రతి మనిషినీ అడిగాడు. ఒకళ్లు బడికి వెళ్లి చూడమన్నారు, ఇంకొకళ్లు తెలీదన్నారు.

బడి మెట్ల మీద జ్యోతిర్మయి కూర్చుని ఉంది. ఎవరిదో చీర కట్టుకుంది, జుట్టంతా బురద. లోపల భర్త, అత్తమామలు నిద్రపోతున్నారు. తండ్రిని చూసి లేవబోయి, లేవలేక చెయ్యి చాపింది.

"అమ్మెలా ఉంది నాన్నా?"

"బాగానే ఉందమ్మా."

"మన తోటో?"

కొబ్బరితోట ఇంటి వెనకే. తెల్లారినప్పటినుంచి వీర్రాజు ఒక్కసారైనా అటు తల తిప్పలేదు.

"చూళ్లేదమ్మా," అంటూ ఆమె పక్కన మెట్టు మీద కూలబడ్డాడు.