అడగకముందే తలూపే పిల్ల

నాకు అన్నిటికంటే భయం ఒక్కటే. మా అమ్మాయి పండు కూడా నాలాగే క్లాసులో ఎవరికీ కనబడకుండా కూర్చోవడం నేర్చుకుంటుందేమోనని.

నేను ఏడో క్లాసు సగంలో మానేశాను. అమ్మకు జబ్బు చేసింది, తమ్ముణ్ణి చూసుకోవడానికి మనిషి కావలసివచ్చింది. నెల దాటినా బడి నుంచి ఎవరూ రాలేదు. చదివినన్నాళ్ళూ చివరి బల్ల నాది. టీచరు నావైపు చూస్తే చాలు, తలూపేదాన్ని. తలూపేవాళ్ళను ఎవరూ ఏమీ అడగరు.

పండు రెండో క్లాసులో చేరినప్పుడు దానికీ ఆ విద్యే నేర్పాను. "టీచర్ చూస్తే తలూపెయ్యి, తిట్లు తప్పుతాయి" అన్నాను. మంచే చెప్పాననుకున్నాను.

మూడో వారంలో ఒక సాయంత్రం టీచరుగారే మా గదికి వచ్చారు. నేను చొక్కాలకు గుండీలు కుడుతున్నాను, అదే నా పని. మా ఆయన లారీ ఎక్కితే పది రోజులకు గానీ దిగడు. మా గుమ్మం తొక్కే మనిషే అరుదు. ఆవిణ్ణి చూసి కంగారులో సూది వేలికి గుచ్చుకున్నాను.

"ఏమ్మా, మీ అమ్మాయి నేను అడగకముందే తలూపేస్తోంది" అన్నారు చాప మీద కూర్చుంటూ. "ఇవాళ కావాలనే, ఏనుగుకు రెక్కలుంటాయి కదా అన్నాను. దానికీ ఊపింది."

నవ్వొచ్చింది, వెనకే ఏడుపూ వచ్చింది. నేనే నేర్పానని చెప్పేశాను. ఆవిడ గుండీల డబ్బా పక్కకు జరిపి నావైపు తిరిగారు.

"దానికి అర్థం కాలేదంటే నా పని ఇంకా అవ్వలేదని. అది తలూపుతుంటే నాకెలా తెలుస్తుంది, చెప్పండి."

మర్నాటి నుంచి క్లాసులో కొత్త పద్ధతి పెట్టారు. "తెలీదు టీచర్" అన్నవాళ్ళ చేతికి సుద్దముక్క. బోర్డు మీద తెలిసినంతవరకు వాళ్ళు రాయాలి, అక్కణ్ణుంచి ఆవిడ అందుకుంటారు. వారం తిరక్కుండానే పండు గౌనంతా సుద్దపొడితో ఇంటికొచ్చింది.

"అమ్మా, నాకు తీసివేత తెలీదు" అంది గొప్పగా.

చలికాలంలో ఒక సోమవారం టీచరుగారు రాలేదు. రెండు క్లాసులను కలిపి కూర్చోబెట్టి చూచిరాత రాయించారట. గురువారానికి, పాలు కావాలా అని నేను అడిగేలోపే పండు తలూపింది. దాని చెయ్యి పట్టుకుని బడికి వెళ్ళాను.

"సెలవంటమ్మా" అన్నాడు వాచ్‌మన్.

"ఎందుకూ?"

"నాకేం తెలుసు? నాకు తెలిసిందల్లా ఈ గేటు తాళం."

నాలుగు రోజులుగా ఎవరూ వెళ్ళి చూడలేదు. ఇల్లెక్కడో మాత్రం చెప్పాడు. లాండ్రీ షాపు పైన ఒంటి గది.

చాలాసేపు తట్టాక తలుపు తీశారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఒళ్ళు కాలిపోతోంది. ఒకే కుర్చీ. దాని నిండా పిల్లల నోటు పుస్తకాలు.

"ఒంట్లో ఎలా..." అంటున్నానో లేదో, బాగానే ఉందన్నట్టు తలూపారు.

"టీచర్, అమ్మ ఇంకా అడగడం అవ్వలేదు" అంది పండు.

ఆవిడ నవ్వబోయి గోడవైపు తిరిగారు. పండు జేబులోంచి అరిగిపోయిన సుద్దముక్క తీసి ఆవిడ చేతిలో పెట్టింది.

"తెలీదు పండూ" అన్నారు సుద్దముక్క గుప్పిట్లో పట్టుకుని. "ఎలా ఉందో నాకే తెలీదు. ఆదివారం నుంచి ఎవరితోనూ మాట్లాడలేదు."

డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. తర్వాతి వారం మళ్ళీ బడికి వచ్చారు.

ఈ ఏడాది ఆవిణ్ణి వేరే బడికి మార్చారు. ఏ బడికో వాచ్‌మన్‌కూ తెలీదు. మీ పిల్ల సుద్దపొడితో ఇంటికొచ్చి, నాకు ఫలానాది తెలీదని గొప్పగా చెబితే, ఆ టీచరు మా టీచరే కావచ్చు. ఒకసారి వెళ్ళి తలుపు తట్టండి. బాగానే ఉన్నానని తలూపితే నమ్మకండి. కుర్చీ మీద పుస్తకాలు పక్కన పెట్టి, కాసేపు కూర్చోండి.