చెల్లెలు పలకని వాక్యం

ఆ సంఘంలో ప్రార్థన అంటే లిఫ్టు మెకానిక్‌దే అనేవారు. టైర్ల దుకాణం పై అంతస్తులో అద్దెకు తీసుకున్న హాలు వాళ్ళది. ఎండ ముదిరితే పాటల మధ్యలోకి రబ్బరు వాసన వచ్చేది. పాస్టరుగారు "అన్నగారు ప్రార్థిస్తారు" అనగానే మెకానిక్ లేచి నిలబడి, రోగులతో మొదలుపెట్టి, ప్రయాణాల్లో ఉన్నవాళ్ళను, పరీక్షలు రాసేవాళ్ళను, చివరికి కింద దుకాణం యజమానిని కూడా వదలకుండా దేవుడి చేతుల్లో పెట్టేవాడు. "మీ ప్రార్థన కూడా మీ లిఫ్టులాగేనండీ, ఒక్క అంతస్తూ వదలదు" అని ఇంటికి వెళ్తూ భార్య ఆటపట్టించేది. ఆయనా నవ్వేవాడు.

అదంతా బావ పోకముందు.

బావ అంటే చెల్లెలి భర్త. ఇద్దరిదీ ఒకే కంపెనీ, ఒకే వ్యాను, పదకొండేళ్ళ జోడీ. ఆ రోజు ఒక పాత అపార్ట్‌మెంటులో బావ లిఫ్టు కింద ఉండే గుంతలోకి దిగి స్ప్రింగులు చూస్తున్నాడు. మెకానిక్ పైన స్విచ్‌బోర్డు దగ్గర ఉన్నాడు. లోపల మనిషి ఉన్నంతసేపూ మెయిన్ స్విచ్‌కు తాళం వేసి, ఆ తాళంచెవి లోపలున్న మనిషే జేబులో పెట్టుకోవాలి. అది రూలు. తాళం వ్యానులో ఉండిపోయింది. "నేను ఇక్కడే ఉన్నాగా బావా, నువ్వు కానియ్" అన్నాడు మెకానిక్. కాసేపటికి మోకాళ్ళ నొప్పుల పెద్దావిడ ఒకామె వచ్చి, ఇంకా ఎంతసేపని సాధించడం మొదలుపెట్టింది. వెనక తలుపు చప్పుడైంది. బావ మంచినీళ్ళకు బయటికి వెళ్ళాడనుకున్నాడు మెకానిక్. పేరు పెట్టి పిలవలేదు. తొంగి చూడలేదు. స్విచ్ వేశాడు.

విచారణకు వచ్చిన సేఫ్టీ ఆఫీసరు కాగితం ముందు పెట్టుకుని, తల ఎత్తకుండానే అడిగాడు. "వేసెయ్యమని ఆయనే అన్నాడా?"

అబద్ధం ఆడాలని మెకానిక్ అనుకుని రాలేదు. కానీ తల ఊపాడు. ఆఫీసరు రాసుకున్నాడు. మెకానిక్ సంతకం పెట్టాడు. సమాధి దగ్గర ప్రార్థన కూడా ఆయనే చేశాడు. చాలా బాగా చేశాడని అందరూ అన్నారు.

రెండేళ్ళు గడిచాయి. పొద్దున్నే మంచం పక్కన మోకరించి చెల్లెలి కోసం, మేనకోడలి కోసం వేడుకునేవాడు. ఆ ఒక్క విషయం దగ్గరికి వచ్చేసరికి, రోడ్డు మీద గుంతను చూసి పక్కకు తప్పుకున్నట్టు తప్పుకుని ముందుకు పోయేవాడు. చెల్లెలు ఒక హోటలు లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే పనిలో చేరింది. ఏ చిన్న కష్టం వచ్చినా "అన్నయ్యా" అని ఆయనకే ఫోను చేసేది. ఆయనకు ఆ పిలుపే భారమయ్యేది.

ఆదివారం ఆరాధన చివర అందరూ కలిసి ప్రభువు నేర్పిన ప్రార్థన చెప్పేవారు. చెల్లెలు ఆయన ముందు వరసలో కూర్చునేది. ఒక వారం, మాకు కీడు చేసినవాళ్ళను మేము క్షమించినట్టే మమ్మల్నీ క్షమించమని అడిగే చోటుకు రాగానే ఆమె గొంతు ఆగిపోయింది. ఆ వాక్యం దాటాక మళ్ళీ కలిసింది. దగ్గు వచ్చిందేమో అనుకున్నాడు. మరుసటి వారమూ అంతే. ఆ తర్వాతా అంతే. ఎప్పటినుంచి ఇలా జరుగుతోందో! తను ఇన్నాళ్ళూ తన గొంతే వింటూ కూర్చున్నాడు.

తెలిసిపోయిందన్నమాట, అనుకున్నాడు. తెలిసి కూడా ఒక్క మాట అడగకుండా, తనను దేవుడి ముందు నిలబెడుతోంది. అన్నం సయించలేదు. పాస్టరుగారు ప్రార్థన చెయ్యమంటే గొంతు బాగోలేదని తప్పించుకున్నాడు. "ఏమైందండీ మీకు, డాక్టరుకు చూపించుకోండి" అంది భార్య. ఆరు వారాలు ఓర్చుకున్నాడు. ఏడో వారం శనివారం, మధ్యాహ్నం విరామం వేళకు లాండ్రీకి వెళ్ళాడు.

ఆవిరితో గది మసకగా ఉంది. మిగతావాళ్ళు భోజనాలకు వెళ్ళారు. చెల్లెలు ఒక్కతే మిగిలిన దుప్పట్లు మడత పెడుతోంది.

"ఏంటన్నయ్యా, ఈ వేళప్పుడు? వదినకి బాగానే ఉందా?"

"బాగానే ఉంది. ఒకటి అడుగుతాను. ఆదివారం ప్రార్థనలో ఆ వాక్యం దగ్గర ఎందుకు ఆగిపోతున్నావు?"

ఆమె చెయ్యి ఆగింది. "వినపడుతోందా నీకు? ఎవరూ పట్టించుకోరనుకున్నా."

"చెప్పు."

"ఏం చెప్పను? మనసులో లేనిది నోటితో అంటే అది ప్రార్థనెలా అవుతుంది? నాకు క్షమించడం రావట్లేదు. రానప్పుడు వచ్చిందని దేవుడితో ఎలా చెప్పను? అందుకే అక్కడ నోరు మూసుకుంటా. ఆయనకి తెలుసులే."

"ఎవర్ని క్షమించలేకపోతున్నావు?" ఈ ప్రశ్నకు 'నిన్నే' అనే జవాబు వినడానికే ఆయన అంత దూరం వచ్చాడు. వింటే చాలు, కాళ్ళ మీద పడదామనుకున్నాడు.

"ఇంకెవర్ని? మీ బావని."

మెకానిక్‌కు అర్థం కాలేదు.

"గ్యాస్ కట్టేశానా లేదా అని మూడుసార్లు చూసే మనిషి. అంత పెద్ద యంత్రం కింద కూర్చుని వేసెయ్యమన్నాడంటే ఏమనాలి? నేనూ పిల్లా ఒక్క క్షణం గుర్తుకు రాలేదా? రోజూ తిడతానన్నయ్యా. దీపం ఆర్పాక గోడ వైపు తిరిగి తిడతా. నాన్న ఎలాంటివాడమ్మా అని పిల్ల అడిగితే, అజాగ్రత్త మనిషి అని చెప్పా. నువ్వలా అవకు అని చెప్పా."

ఆవిరి గొట్టం ఒక్కసారి బుస్సుమంది. మెకానిక్ పక్కనున్న బల్ల అంచు పట్టుకున్నాడు.

"బావ అనలేదమ్మా."

"ఏం అనలేదు?"

"వేసెయ్యమనలేదు. ఏమీ అనలేదు. పని చేసుకుంటున్నాడు. బయటికొచ్చేశాడనుకుని నేనే వేశాను. చూడకుండా వేశాను. ఆఫీసరు అడిగితే తల ఊపాను."

ఆమె దుప్పటి అంచులు కలిపింది. కలవలేదు. మళ్ళీ విప్పి కలిపింది.

"ఎందుకు ఊపావు?"

"భయమేసింది."

"భయమేసింది" అని ఆమె కూడా అంది, కొత్త మాట నేర్చుకుంటున్నట్టు. "రెండేళ్ళు ఆయన్ని తిట్టించావు నాతో. ఇప్పుడు నేనెవరికి చెప్పుకోవాలి? ఆయనకి వినపడుతుందా?"

"చెల్లీ, నన్ను..."

"వద్దు. ఆ మాట అడగకు." మొదటిసారి ఆమె గొంతు పెరిగింది. "ఇవాళ అడిగావంటే నేను తల ఊపేస్తానేమో. నీలాగే. వెళ్ళు."

వెళ్ళాడు. ఆ సాయంత్రం భార్యకు చెప్పాడు. ఆమె కూరగాయలు తరగడం ఆపి, కత్తి పక్కన పెట్టి, చేతులు కడుక్కుని వచ్చి ఆయన పక్కన కూర్చుంది.

సోమవారం కంపెనీకి వెళ్ళి జరిగింది రాసిచ్చాడు. సేఫ్టీ ఆఫీసరు చదివి చిరాకు పడ్డాడు. మూసేసిన ఫైలు ఇప్పుడెందుకు తెరిపిస్తావన్నాడు. అయినా తెరవక తప్పలేదు. బావ మీద రాసినది కొట్టేసి, తప్పు మెకానిక్‌దని రాశారు. ఉద్యోగం పోయింది. ఆ కాగితం నకలు భార్య చేత చెల్లెలికి పంపాడు. ఆమె గుమ్మంలోనే తీసుకుని, "సరే వదినా" అని తలుపు వేసుకుందట. నెల తిరక్కుండా పిల్లను తీసుకుని ఊరికి అవతలి వైపు ఇల్లు మారింది. ఈ సంఘానికి రావడం మానేసింది. వేరే సంఘానికి వెళ్తోందో, అసలు ఎక్కడికీ వెళ్ళడం లేదో ఎవరికీ తెలియలేదు.

పాస్టరుగారు ఇంటికి వచ్చారు. "ప్రార్థన మానకండి అన్నగారూ. దేవుడు వింటాడు."

"వింటాడనే కదండీ నా భయం" అన్నాడు మెకానిక్. పాస్టరుగారు కాసేపు కూర్చుని, కప్పులో సగం టీ వదిలేసి వెళ్ళిపోయారు.

ఇప్పుడాయన ఒక గోడౌన్‌లో పెట్టెలకు చీటీలు అంటిస్తాడు. ఆదివారాలు హాలులో చివరి వరసలో కూర్చుంటాడు. ఆయన్ను లేచి ప్రార్థించమని ఎవరూ అడగరు. పొద్దున్నే మంచం పక్కన మోకరించడం మాత్రం మానలేదు. పెదవులు కదలవు.

ఒకరోజు భార్య అడిగింది. "అంతసేపు ఏం చేస్తారండీ, మాటా పలుకూ లేకుండా?"

"ఏం లేదు. ఆ రోజు జరిగింది జరిగినట్టు చెప్తాను. తాళం వ్యానులో వదిలేసిన దగ్గర్నుంచి."

"రోజూనా?"

"రోజూ."

"చెప్పాక క్షమించమని అడగరా?"

"అడగబోతాను. చెల్లి ఇంకా ఆ మాట అనలేదు కదా. తనని దాటి పైవాడి దగ్గరికి వెళ్ళడం నాకు చేతకావట్లేదు."

"దేవుడు వేరు, తను వేరు కదండీ" అంది భార్య. ఆమె గొంతులో అంత నమ్మకం లేదు.

ఆయన మంచం అంచు పట్టుకుని లేవబోయాడు. ఆమె చెయ్యి అందించింది. గోడౌన్ బస్సుకు పది నిమిషాలే ఉంది. చొక్కా గుండీలు పెట్టుకుంటూనే బయటికి నడిచాడు.