స్టూలు మీంచి దూకే పిల్ల

వీధిలో నా పేరు ఉక్కుపిల్ల. అమ్మ పెట్టిన బిరుదే. ముందుగదిలో మాత్రల డబ్బాలు అమ్మకానికి పేర్చి, ఆదివారం పూట ఆడవాళ్లను కూర్చోబెట్టి, నన్ను ఎత్తు స్టూలు ఎక్కిస్తుంది. నేను ధబ్బుమని గచ్చు మీదికి దూకాలి. "చూశారా నా కూతురి ఎముకలు," అంటుంది అమ్మ. సోయాలో ఉండే, ఈస్ట్రోజెన్ హార్మోను లాంటి పదార్థంతో చేసిన మాత్రలవి. ఎదిగే వయసులో మింగితే ముసలితనం దాకా ఎముకలకు ఢోకా లేదని అమ్మ చెబుతుంది.

అమ్మ మోసగత్తె అయినా బాగుండేది, ఎదురు తిరిగేదాన్ని. కానీ అమ్మ నిజంగానే నమ్మింది. అమ్మమ్మ స్నానాలగదిలో జారిపడి, తుంటి విరిగి, మంచం మీదే పోయింది. ఆ మంచం పక్కన కూర్చుని సేవ చేసింది అమ్మే. అప్పటి నుంచి నేను తుమ్మినా నా ఎముకల గురించే బెంగ. అందుకే పొద్దున్నే అమ్మ ఎదుట మాత్ర మింగి, నోరు తెరిచి చూపిస్తాను. ఒక్కరోజు కూడా ఎగ్గొట్టలేదు.

కొన్నాళ్లుగా కుడి పాదం లోపల సలుపుతోంది. బడిలో ఆటల మాస్టారు నొక్కి చూసి, "ఎముకకు పగులు వచ్చినట్టుంది. పరుగులూ గెంతులూ మానేసి ఎక్స్‌రే తీయించుకో," అన్నారు. ఇంటికొచ్చి చెప్పాను. అమ్మ మొహం పాలిపోయింది.

"మాత్రలు వేసుకుంటున్నావు కదే, పగులెందుకొస్తుంది? బెణికుంటుంది."

"ఎక్స్‌రే తీస్తే తెలిసిపోతుంది కదమ్మా."

"ఈ ఆదివారం గడవనీ. చాలామంది వస్తున్నారు."

అంతటితో ఊరుకోక ఇంకో మాత్ర నా చేతిలో పెట్టింది. నొప్పి పెరిగితే మాత్రలు పెరుగుతాయి, ఇదీ మా ఇంటి వైద్యం. ఒళ్లు మండిపోయింది. అయినా మింగాను.

ఆదివారం గది కిటకిటలాడింది. గుమ్మానికి అడ్డంగా కూడా కుర్చీలే, బయటికి పోదామన్నా దారి లేదు. ముందు వరసలో పక్కింటి పిన్నిగారు, పక్కనే ఆవిడ కూతురు. ఆ పిల్ల నాకంటే చిన్నది, సర్కస్ చూస్తున్నట్టు నన్నే చూస్తోంది. స్టూలు ఎక్కి అమ్మ వైపు తిరిగాను. అమ్మ నా పాదం చూసి, చటుక్కున చూపు తిప్పుకుంది.

దూకాను. పాదంలో ఏదో టక్కుమంది. లేవబోతే కాలు నిలవలేదు, గచ్చు మీద కూలబడ్డాను.

అమ్మ గబగబా వచ్చి నా పాదం ఒళ్లోకి తీసుకుంది. గదంతా వినబడేలా అడిగింది.

"ఈ వారం మాత్రలు మానేశావు కదూ? మధ్యలో ఆపితే ఇంతే మరి."

మాటలు వాళ్ల కోసం. కళ్లు మాత్రం నన్ను బతిమాలుతున్నాయి. కాదంటే అమ్మ ఈ వీధిలో తలెత్తుకు తిరగలేదు. అంతకంటే ఘోరం, ఆ మంచం భయం నుంచి కాపాడే దిక్కే అమ్మకు ఇక ఉండదు.

"అవునమ్మా," అన్నాను. "మానేశాను."

గదంతా ఊపిరి పీల్చుకుంది. పిన్నిగారు ఒక డబ్బా అందుకుని, మూత తిప్పి, కూతురి వైపు తిరిగింది.

"విన్నావుగా అక్క చెప్పింది. నోరు తెరువు."